గుల్లవాసి సిక్లిడ్ చేపలు: టాంగన్యికా సరస్సు జీవనం – చిన్న గాజుతొట్టిలో పెంపకం

వ్యాససంగ్రహం

తూర్పు ఆఫ్రికాలోని టాంగన్యికా సరస్సులో కొన్ని సిక్లిడ్ చేపలు చనిపోయిన నత్తల గుల్లలనే నివాసంగా చేసుకొని జీవిస్తాయి. ఇవి పరిమాణంలో చాలా చిన్నవి. వీటి సంచారపరిధి కూడా గుల్ల చుట్టూ ఉండే కొద్దిపాటి ఇసుకనేల. అందుచేత చిన్న గాజుతొట్టిలో పెంచదగిన చేపలుగా ఇవి ప్రసిద్ధి పొందాయి. అయితే తొట్టి చిన్నదైనకొద్దీ నీటి స్థిరత్వం తగ్గుతుంది. సరస్సు అడుగున గుల్లలను కరగకుండా శతాబ్దాలపాటు నిలిపిన నీటి రసాయన స్వభావమే ఈ చేపలకూ ఆధారమని, పెంపకంలో మొదట నిలుపవలసింది దానినేనని ప్రతిపాదించడం ఈ వ్యాసం ముఖ్యోద్దేశం.

కీలకపదాలు: టాంగన్యికా సరస్సు, సిక్లిడ్, నత్తగుల్ల, క్షారత, కాఠిన్యం, అమోనియా, గాజుతొట్టి.

1. ఉపోద్ఘాతం

మంచినీటి చేపల కుటుంబాలలో సిక్లిడే అత్యంత వైవిధ్యం గల వాటిలో ఒకటి. మన చేపల మార్కెట్లలో కనిపించే తిలాపియా, గాజుతొట్లలో పెంచే ఏంజెల్, ఆస్కార్ చేపలు ఈ కుటుంబానికి చెందినవే. వీటిలో చాలావాటికి పెద్ద తొట్లు కావాలి. ఆస్కార్ వంటి చేప అడుగు పొడవు వరకు పెరుగుతుంది. ఇందుకు పూర్తి భిన్నంగా, వయోజన దశలో కూడా రెండు అంగుళాలకు మించని సిక్లిడ్‌లు టాంగన్యికా సరస్సులో ఉన్నాయి. ఇవి ఖాళీ నత్తగుల్లలలో నివసిస్తాయి కనుక వీటిని ఈ వ్యాసంలో ‘గుల్లవాసులు’ అని వ్యవహరించడం జరిగింది.

‘చేప చిన్నది కాబట్టి చిన్న తొట్టి చాలు’ అనే అభిప్రాయం పెంపకందారులలో సర్వసాధారణం. ఈ అభిప్రాయంలో సగమే నిజం. స్థలం విషయంలో గుల్లవాసుల అవసరం స్వల్పం. నీటి విషయంలో వాటి అవసరం స్వల్పం కాదు. ఈ రెండింటి మధ్య తేడాను వివరించడానికి ముందుగా ఆ చేపల సహజ ఆవాసాన్ని పరిశీలించవలసి ఉంటుంది.

2. టాంగన్యికా సరస్సు – గుల్లల పరుపులు

టాంజానియా, కాంగో ప్రజాస్వామ్య గణతంత్రం, బురుండి, జాంబియా దేశాల మధ్య విస్తరించిన టాంగన్యికా సరస్సు పొడవు సుమారు 670 కిలోమీటర్లు. గరిష్ఠ లోతు సుమారు 1,470 మీటర్లు. లోతులో ప్రపంచంలోని సరస్సులలో బైకాల్ తరువాతి స్థానం దీనిదే. భూమి పొరలు విడిపోయి ఏర్పడిన పగులులోయలో లక్షల సంవత్సరాలుగా నిలిచి ఉన్న ప్రాచీన సరస్సు ఇది. ఇందులో 200కు పైగా సిక్లిడ్ జాతులు ఉన్నాయి. వాటిలో దాదాపు అన్నీ ఈ సరస్సుకే పరిమితమైనవి.

ఈ నీరు క్షార స్వభావం కలది. పీహెచ్ విలువ సుమారు 8.6 నుండి 9.2 వరకు ఉంటుంది. పైపొరల ఉష్ణోగ్రత ఏడాది పొడవునా 24 నుండి 27 డిగ్రీల సెల్సియస్ ప్రాంతంలోనే నిలిచి ఉంటుంది. అంత పెద్ద జలరాశిలో ఒక రోజు వాన గాని, ఒక వారం ఎండ గాని చెప్పుకోదగిన మార్పు తేలేవు. ఇక్కడి చేపలు తరతరాలుగా మార్పు ఎరుగని నీటిలో పరిణామం చెందాయన్న విషయాన్ని గుర్తుంచుకోవాలి.

ఈ సరస్సుకే పరిమితమైన నత్త నియోథామా టాంగన్యిసెన్సి. దీనిని 1880లో ఎడ్గార్ ఆల్బర్ట్ స్మిత్ శాస్త్రలోకానికి పరిచయం చేశాడు. నత్త చనిపోయిన తరువాత దాని గుల్ల సరస్సు అడుగున మిగిలిపోతుంది. సాధారణంగా ఆమ్లత్వం గల మెత్తని నీటిలో కాల్షియం కార్బొనేట్‌తో నిర్మితమైన గుల్ల క్రమంగా కరిగిపోతుంది. టాంగన్యికా నీటి పైపొరలు కాల్షియం కార్బొనేట్‌తో సంతృప్తమై ఉండడం వలన గుల్లలు కరగవు. శతాబ్దాల తరబడి పేరుకొని విశాలమైన పరుపులుగా ఏర్పడ్డాయి. రాళ్లు లేని ఇసుక మైదానంలో చిన్న చేపలకు శత్రువుల నుండి తలదాచుకోవడానికి ఈ గుల్లలే దిక్కు. అంటే ఇక్కడ నీటి రసాయనమే నివాసాన్ని నిర్మించి ఇచ్చిందని చెప్పవచ్చు.

3. గుల్లవాసుల జీవనరీతులు

గుల్లను ఉపయోగించుకొనే తీరు అన్ని జాతులలో ఒకే విధంగా ఉండదు. ప్రధానంగా నాలుగు రీతులను గుర్తించవచ్చు.

3.1 సమూహ నివాసం: నియోలాంప్రోలోగస్ మల్టిఫాసియేటస్ ప్రపంచంలోని అతిచిన్న సిక్లిడ్‌లలో ఒకటి. 1904–05లో డబ్ల్యు. ఎ. కన్నింగ్‌టన్ నాయకత్వంలో జరిగిన మూడవ టాంగన్యికా యాత్రలో సేకరించిన నమూనాల ఆధారంగా జార్జ్ ఆల్బర్ట్ బౌలెంజర్ 1906లో దీనిని వర్ణించాడు. ఈ చేపలు నోటితో ఇసుకను తవ్వి దూరంగా ఉమ్మివేస్తూ, పూడిపోయిన గుల్లలను బయటికి తీసి, గుంటల వంటి ఆవాసాలను ఏర్పరుస్తాయి. ఒక ఆవాసంలో మగచేపతో పాటు కొన్ని ఆడచేపలు, వేర్వేరు ఈడుల పిల్లలు కలిసి ఉంటాయి. ప్రతి ఆడచేపకూ తనవైన గుల్లలు ఉంటాయి. 1992లో వర్ణితమైన నియోలాంప్రోలోగస్ సిమిలిస్ జీవనం కూడా ఇటువంటిదే. దీని చారలు తలమీదికి సాగి ఉండడం ముఖ్యమైన గుర్తు.

3.2 గుల్లను పూడ్చిపెట్టడం: లాంప్రోలోగస్ ఓసెల్లేటస్ గుల్ల కింది ఇసుకను తోడివేసి, పైన ఇసుక కప్పి, గుల్ల నోరు మాత్రమే నేలమట్టంగా కనిపించేటట్లు చేస్తుంది. ఆవాసరక్షణలో ఇది అత్యంత దూకుడు గల చేప. తొట్టిలో చేయి పెట్టిన పెంపకందారు వేలిని సైతం కరుస్తుంది. శాస్త్రవేత్తలు 3డి ముద్రణతో తయారుచేసిన, లోపల జరిగేది కనిపించే కృత్రిమ గుల్లలను ఈ చేపకు ఇచ్చి దాని సంతానరక్షణను పరిశీలించారు.

3.3 జంట నివాసం: నియోలాంప్రోలోగస్ బ్రెవిస్ జాతిలో ఆడ, మగ రెండూ ఒకే గుల్లను పంచుకోగలవు. ఒక జంటను మాత్రమే ఉంచదలచినవారికి ఇది అనువైనది.

3.4 గుల్లల సేకరణ: లాంప్రోలోగస్ కాలిప్టెరస్ మగచేప గుల్లలను నోటితో మోసుకొచ్చి కుప్పవేస్తుంది. ఆడచేపలు వాటిలో గుడ్లు పెడతాయి. మగచేప సగటున ఆడచేపకంటే పన్నెండు రెట్లకు పైగా బరువు ఉంటుంది. గుల్లను ఎత్తగలిగినంత పెద్దదిగా మగది, గుల్లలో పట్టేంత చిన్నదిగా ఆడది పరిణమించడం లైంగిక ద్విరూపతకు విశిష్టమైన ఉదాహరణ. అయితే ఇది చిన్న తొట్టికి పనికివచ్చే చేప కాదు. ‘గుల్లవాసి’ అన్న పేరు మాత్రమే చూసి ఎంచుకోరాదని దీనివలన తెలుస్తుంది.

4. తొట్టి అమరిక

4.1 పరిమాణం: 60 సెంటీమీటర్ల పొడవు, 30 సెంటీమీటర్ల వెడల్పు, 30 సెంటీమీటర్ల ఎత్తు గల తొట్టిని ఉదాహరణగా తీసుకుందాం. దీని ఘనపరిమాణం 54 లీటర్లు. అడుగున 5 సెంటీమీటర్ల ఇసుక 9 లీటర్ల చోటును, పైన వదిలే 3 సెంటీమీటర్ల ఖాళీ మరో 5.4 లీటర్ల చోటును తీసుకుంటాయి. మిగిలే నీరు సుమారు 40 లీటర్లు మాత్రమే. లెక్కలన్నింటికీ ఈ 40 లీటర్లనే ఆధారంగా తీసుకోవాలి. ఈ చేపలు నేలను అంటిపెట్టుకొని జీవిస్తాయి కనుక తొట్టి ఎత్తుకంటే అడుగు వైశాల్యానికే ప్రాధాన్యం. ఇటువంటి తొట్టిలో మల్టిఫాసియేటస్ చేపలను ఆరింటితో గాని, ఓసెల్లేటస్ చేపలను ఒక మగ, ఒకటి రెండు ఆడచేపలతో గాని ప్రారంభించవచ్చు. రెండు జాతులనూ కలిపి ఉంచడం తగదు.

4.2 ఇసుక: చేప నోటిలో పట్టేంత సన్నని ఇసుక అవసరం. గులకరాళ్లు పరిస్తే తవ్వడమనే వాటి సహజ ప్రవృత్తికే అవకాశం ఉండదు. బాగా జల్లించి, కడిగిన నదీ ఇసుక సరిపోతుంది. క్షారతను నిలపడానికి పగడపు ఇసుకను కలపమని విదేశీ పుస్తకాలు సూచిస్తాయి. మన దేశంలో పగడాలకు వన్యప్రాణి సంరక్షణ చట్టం–1972 కింద రక్షణ ఉంది. అందువలన సున్నపురాయి నలుసులను గాని, నత్తగుల్లల పొడిని గాని వాడుకోవడం మేలు.

4.3 గుల్లలు: ఐరోపాలో ఆహారంగా వాడే నత్తల గుల్లలను పెంపకందారులు ఉపయోగిస్తారు. మన ప్రాంతంలో జంతుశాస్త్ర విద్యార్థులందరికీ పరిచితమైన పైలా గ్లోబోసా నత్త చెరువుల్లో, వరిపొలాల్లో విరివిగా దొరుకుతుంది. దాని ఖాళీ గుల్ల ఈ చేపలకు చక్కగా సరిపోతుంది. చెరువుల్లో కనిపించే మరో చిన్ననత్త బెల్లామియా బెంగాలెన్సిస్, నియోథామా నత్త కుటుంబమైన వివిపారిడేకు చెందినదే. దీని గుల్ల చిన్నది కాబట్టి పిల్లచేపలకు ఉపకరిస్తుంది. గుల్లలకోసం బతికిన నత్తలను చంపనవసరం లేదు. కోతల తరువాత ఎండిన పొలాల్లో ఖాళీ గుల్లలు దొరుకుతాయి. పురుగుమందుల అవశేషాలు ఉండవచ్చు కనుక వాటిని ఉడకబెట్టి, లోపలి మాంసపు అవశేషాలను తీసివేసి, పలుమార్లు నీరు మార్చి నానబెట్టాలి.

ఒక్కొక్క చేపకు రెండు మూడు గుల్లలు ఉండేటట్లు చూడాలి. గుల్లలు తక్కువైతే బలహీనమైన చేపలకు ఆశ్రయం దొరకక దెబ్బలు తింటాయి. మల్టిఫాసియేటస్‌కు గుల్లలను ఒకచోట కుప్పగా, ఓసెల్లేటస్‌కు ఎడంగా పేర్చాలి. గుల్లను నీటిలో దించేటప్పుడు లోపలి గాలి పూర్తిగా పోయేటట్లు వంచి తట్టాలి. ఒకసారి చేపలు సర్దుకున్న తరువాత గుల్లల స్థానాలు మార్చరాదు. మారిస్తే సరిహద్దులు చెదిరి పోట్లాటలు మొదలవుతాయి.

5. నీటి స్వభావం

5.1 కాఠిన్యం – క్షారత: ఈ రెండు పదాలను ఒకే అర్థంలో వాడడం సాధారణంగా జరిగే పొరపాటు. నీటిలోని కాల్షియం, మెగ్నీషియం అయాన్ల పరిమాణాన్ని కాఠిన్యం సూచిస్తుంది. ఆమ్లాన్ని తటస్థీకరించగల బైకార్బొనేట్, కార్బొనేట్‌ల పరిమాణాన్ని క్షారత సూచిస్తుంది. టాంగన్యికా నీటిలో క్షారత కాఠిన్యంకంటే ఎక్కువ. కాల్షియం కార్బొనేట్‌కు సమానంగా లెక్కిస్తే అది లీటరుకు 300 మిల్లీగ్రాములకు పైగా ఉంటుంది. పీహెచ్‌ను నిలిపేది ప్రధానంగా ఈ క్షారతే.

దీని ప్రాముఖ్యాన్ని ఒక లెక్కతో వివరించవచ్చు. ఆహారంలోని మాంసకృత్తుల నుండి వెలువడే అమోనియాను బాక్టీరియా నైట్రేట్‌గా మార్చేటప్పుడు ఆమ్లం పుడుతుంది. ఒక గ్రాము అమోనియా–నత్రజని మార్పుకు సుమారు 7.14 గ్రాముల కాల్షియం కార్బొనేట్‌కు సమానమైన క్షారత ఖర్చవుతుంది. 40 శాతం మాంసకృత్తులు గల ఒక గ్రాము పొడి ఆహారంలో దాదాపు 64 మిల్లీగ్రాముల నత్రజని ఉంటుంది. ఆ నత్రజని అంతా నైట్రేట్‌గా మారిందనుకుందాం. లీటరుకు 300 మిల్లీగ్రాముల క్షారత గల 40 లీటర్ల నీటిలోని మొత్తం నిల్వ 12 గ్రాములు. అది సుమారు 26 గ్రాముల ఆహారానికి సరిపోతుంది. క్షారత 60 మిల్లీగ్రాములే ఉన్న మెత్తని నీటిలో నిల్వ 2.4 గ్రాములు. అది 5 గ్రాముల ఆహారంతోనే తరిగిపోతుంది. రోజుకు 0.2 గ్రాముల చొప్పున ఆహారం వేస్తే మొదటి తొట్టికి నాలుగు నెలల గడువు, రెండవ తొట్టికి నెలలోపు గడువు మాత్రమే ఉంటుంది. ఆ తరువాత పీహెచ్ ఉన్నట్టుండి పడిపోతుంది. నీటిని క్రమంగా మార్చడం ఎందుకు తప్పనిసరో ఈ లెక్క స్పష్టం చేస్తుంది.

తెలుగు ప్రాంతాలలో చాలాచోట్ల బోరునీరు కఠినమైనది, క్షార స్వభావం కలది. ఇతర చేపల పెంపకానికి ఇబ్బందిగా తోచే ఈ లక్షణం గుల్లవాసులకు అనుకూలమైనది. అయితే నల్గొండ వంటి జిల్లాలలో బోరునీటిలో ఫ్లోరైడ్ అధికంగా ఉండడం తెలిసిన విషయమే. కనుక నీటిని పరీక్షించిన తరువాతనే వాడాలి. పైపు నీటిలోని క్లోరిన్‌ను సోడియం థయోసల్ఫేట్‌తో తొలగించాలి. ‘శుద్ధమైనది’ అనే నమ్మకంతో ఆర్‌వో యంత్రం నుండి వచ్చిన నీటితోనే తొట్టిని నింపడం ఈ చేపలకు హానికరం. ఆ నీటిలో లవణాలు నామమాత్రం. క్షారత తక్కువైన నీటికి వంటసోడా కలపవచ్చు. 10 లీటర్లకు ఒక గ్రాము వంటసోడా లీటరుకు సుమారు 60 మిల్లీగ్రాముల క్షారతను పెంచుతుంది. వారానికి పావువంతు, అంటే 10 లీటర్ల నీరు మార్చేటప్పుడు బకెట్‌లోనే దీనిని కలిపి, పూర్తిగా కరిగాక పోయాలి. చేపలున్న తొట్టిలో నేరుగా వేయరాదు.

5.2 అమోనియా: క్షారజలంలో పొంచి ఉన్న ప్రధాన ప్రమాదం ఇదే. నీటిలో అమోనియా రెండు రూపాలలో ఉంటుంది. అమోనియం అయాన్ రూపం చేపకు అంతగా హాని చేయదు. అయాన్ కాని అమోనియా రూపం మొప్పల ద్వారా ప్రవేశించి చంపుతుంది. 25 డిగ్రీల వద్ద విషపూరితమైన ఈ రెండవ రూపం పీహెచ్ 7 గల నీటిలో మొత్తంలో 0.6 శాతం మాత్రమే. పీహెచ్ 8 వద్ద 5.4 శాతానికి, పీహెచ్ 9 వద్ద సుమారు 36 శాతానికి పెరుగుతుంది. మెత్తని నీటి తొట్టిలో ప్రాణాపాయం కలిగించని కొద్దిపాటి అమోనియా గుల్లవాసుల తొట్టిలో ప్రాణాంతకం అవుతుంది.

అందుచేత చేపలను తేకముందే తొట్టిలో నత్రజని వలయాన్ని స్థాపించాలి. కొద్దిగా అమోనియా గాని, ఆహారం గాని వేసి, వడపోత సాధనాన్ని నడుపుతూ, అమోనియా, నైట్రైట్ రెండూ సున్నాకు చేరే వరకు వేచి ఉండాలి. సాధారణంగా దీనికి నాలుగు నుండి ఆరు వారాలు పడుతుంది. గాలిపంపుతో పనిచేసే స్పాంజి వడపోత చిన్న తొట్టికి ఉత్తమం. పిల్లచేపలు అందులోకి లాగబడవు.

5.3 ఎండాకాలం: మన వేసవిలో 40 లీటర్ల నీరు గది ఉష్ణోగ్రతను త్వరగా అందుకుంటుంది. సాధారణ పీడనం వద్ద 25 డిగ్రీల నీటిలో లీటరుకు 8.3 మిల్లీగ్రాముల వరకు ఆక్సిజన్ కరగగలదు. 30 డిగ్రీల వద్ద అది 7.6 మిల్లీగ్రాములకు తగ్గుతుంది. విషపూరిత అమోనియా శాతం కూడా వేడితో పెరుగుతుంది. నీటి ఉపరితలంపై చిన్న ఫ్యాను గాలి తగిలేటట్లు అమర్చితే బాష్పీభవనం వలన నీరు చల్లబడుతుంది. అయితే ఆవిరయ్యేది నీరే గాని లవణాలు కావు. ఆ లోటును మళ్లీ కఠినజలంతో పూరిస్తే లవణసాంద్రత వారం వారం పెరుగుతుంది. కనుక ఆవిరైన నీటికి బదులుగా ఆర్‌వో నీటిని, మార్పిడి చేసే నీటికి బదులుగా లవణాలు గల నీటిని వాడాలి. ఆర్‌వో నీటికి ఈ పెంపకంలో ఉన్న సరైన స్థానం ఇదే.

6. ఆహారం – సంతానం

సరస్సులో ఈ చేపలు నీటి ప్రవాహంలో కొట్టుకొచ్చే సూక్ష్మజీవులను తింటాయి. తొట్టిలో సన్నని గుళికలు, అప్పుడే పొదిగిన ఆర్టీమియా పిల్లలు అనుకూలం. రోజుకు రెండుసార్లు, రెండు నిమిషాలలో తినగలిగినంత మాత్రమే వేయాలి. గుల్లల సందుల్లోకి జారిన ఆహారం కంటికి కనబడకుండా కుళ్లిపోతుంది.

ఆడచేప గుల్ల లోపలి గోడకు గుడ్లు అంటిస్తుంది. లోపలే వాటికి నీటిని విసురుతూ కాపాడుతుంది. కొన్ని రోజులకు పిల్లలు గుల్ల అంచున కనిపించేవరకు సంతానం కలిగిన విషయమే పెంపకందారుకు తెలియకపోవచ్చు. మల్టిఫాసియేటస్ సమూహంలో ముందు పుట్టిన పిల్లలు తరువాతి పిల్లలతో కలిసి అక్కడే పెరుగుతాయి. ఓసెల్లేటస్ మాత్రం ఎదిగిన పిల్లలను తరిమివేస్తుంది. పారిపోవడానికి చోటులేని చిన్న తొట్టిలో వాటిని సకాలంలో వేరుచేయాలి.

చేపను గుల్ల నుండి తీయవలసివస్తే గుల్లను పగలగొట్టరాదు, కుదపరాదు. గుల్లను నీరున్న గిన్నెపై నోరు కిందికి ఉండేటట్లు పట్టుకుంటే, లోపలి నీరు జారిపోతుండగా చేప తనంతట తానే గిన్నెలోకి దిగుతుంది.

7. పెంపకందారు బాధ్యత

ఆరు చేపలతో మొదలైన సమూహం త్వరలోనే 40 లీటర్ల నీరు మోయలేని స్థితికి చేరుతుంది. మిగులు చేపలను ఇతర పెంపకందారులకు ఇవ్వాలి. వాటిని చెరువుల్లో, కాలువల్లో వదలడం ఎంతమాత్రం తగదు. 1952లో మన దేశానికి తెచ్చిన మొజాంబిక్ తిలాపియా స్థానిక జలాశయాల్లో ఎలా స్థిరపడిందో తెలిసినదే. గాజుతొట్ల నుండి బయటపడిన సక్కర్ చేప నేడు తెలుగు రాష్ట్రాల జలాశయాల్లో జాలరుల వలలకు అడ్డుపడుతోంది.

మరోవైపు సహజ ఆవాసానికే ముప్పు వాటిల్లుతోంది. తీరప్రాంతంలో అడవులు నరకడం వలన కొట్టుకొస్తున్న ఒండ్రుమట్టి సరస్సు అంచులలోని ఆవాసాలను కప్పివేస్తోంది. వాతావరణం వేడెక్కడం వలన సరస్సు ఉత్పాదకత తగ్గిందని 2003లో ‘నేచర్’ పత్రికలో వెలువడిన అధ్యయనం నిరూపించింది. ఈ పరిస్థితిలో సరస్సు నుండి పట్టి తెచ్చిన చేపలకంటే తొట్లలో పుట్టి పెరిగిన చేపలనే ఎంచుకోవడం సముచితం.

8. ముగింపు

• గుల్లవాసులకు చిన్న తొట్టి చాలడానికి కారణం వాటి ఆవాసం గుల్ల చుట్టూ పరిమితం కావడమే. నీటి స్థిరత్వంలో మాత్రం అవి ఒక మహాసరస్సుకు అలవాటుపడిన జీవులు.

• జాతిని బట్టి గుల్లల సంఖ్య, అమరిక, చేపల నిష్పత్తి నిర్ణయించాలి.

• క్షారత పీహెచ్‌ను నిలుపుతుంది. అదే సమయంలో అమోనియాను మరింత విషపూరితం చేస్తుంది. కనుక క్షారతను పెంచే ప్రతి పెంపకందారూ అమోనియాను సున్నాలో నిలిపే బాధ్యతను కూడా స్వీకరించాలి.

• మన బోరునీరు, మన పొలాల్లోని నత్తగుల్లలు, మన నదుల ఇసుక ఈ పెంపకానికి చాలావరకు సరిపోతాయి. కళాశాలల జంతుశాస్త్ర విభాగాలు తక్కువ ఖర్చుతో జంతు ప్రవర్తనను, నత్రజని వలయాన్ని, పరిణామాన్ని ఒకే తొట్టిలో బోధించడానికి ఇది చక్కని అవకాశం.

తొట్టిలోని గుల్ల ఉపరితలం నునుపు కోల్పోయి, సుద్దలా మారి, గుంటలు పడుతున్నదంటే నీరు ఆమ్లత్వం వైపు జారుతున్నదని గ్రహించాలి. గుల్ల కరగడం మొదలైన నీటిలో చేపకు కూడా ముప్పు మొదలైనట్లే. పరీక్షా ద్రావణాలు సూచించే అంకెలతో పాటు గుల్లనూ గమనిస్తూ ఉండే పెంపకందారుకు ఆ ముప్పు ముందుగానే తెలుస్తుంది.